సుప్రీంకోర్టులో ఎంతమంది జడ్జీలు? ఒక చిన్న టాపిక్‌ని నేను చదివిన తీరు

పాలిటీలో సుప్రీంకోర్టు అధ్యాయం తెరిస్తే మొదట్లోనే ఒక అంకెల వరస ఎదురవుతుంది. 8, 11, 14, 18, 26, 31, 34. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో ఎవరి నోట్స్ జిరాక్స్ తీయించుకున్నా ఈ వరస ఉంటుంది, దాని కింద హైలైటర్ గీత కూడా ఉంటుంది. చాలామంది దాన్ని రెండుసార్లు చదివి, కళ్లు మూసుకుని ఒకసారి అప్పజెప్పుకుని, హైకోర్టుల అధ్యాయంలోకి వెళ్లిపోతారు. ప్రిలిమ్స్ బిట్‌కి అంతే చాలు. గ్రూప్-1 మెయిన్స్ మూడో పేపర్‌లో రాజ్యాంగం, పరిపాలన గురించి రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ వరస ఒక్క వాక్యానికి మించి పనికిరాదు. మిగతా పేజీ ఎలా నింపాలన్నదే అసలు సమస్య.

నేను ఈ టాపిక్‌ని నాలుగు ప్రశ్నలు పెట్టుకుని చదివాను. సంఖ్యను ఎవరు నిర్ణయిస్తారు? ఏ రకం చట్టంతో? ఏ వైపుకు మార్చవచ్చు, పెంచడానికా, తగ్గించడానికా? పెరిగిన పోస్టులను చివరికి ఎవరు నింపుతారు? నాలుగో ప్రశ్న చాలామంది నోట్స్‌లో ఉండదు. నా లెక్కలో మొత్తం టాపిక్‌కి ప్రాణం అదే. ఎందుకో కింద చెప్తాను.

ముందుగా బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానాలేవీ లేని మూల పాఠం. గైడ్లు ఎన్ని చదివినా సరే, ఆర్టికల్ 124(1) మూలంలో ఒకసారి చదవండి. కోఠిలో పాత పుస్తకాల దగ్గర కూడా రాజ్యాంగం కాపీ దొరుకుతుంది. ఆ క్లాజు చెప్పేది ఇది: భారత ప్రధాన న్యాయమూర్తి ఒకరు ఉంటారు. పార్లమెంటు చట్టం చేసి అంతకంటే పెద్ద సంఖ్యను నిర్ణయించేవరకు, ఏడుగురికి మించకుండా ఇతర న్యాయమూర్తులు ఉంటారు. ఇంత చిన్న వాక్యంలోంచి పరీక్షకు పనికొచ్చే విషయాలు మూడు వస్తాయి. ప్రధాన న్యాయమూర్తిని విడిగా లెక్కించారు. ‘మించకుండా’ అన్నారు కాబట్టి అది గరిష్ఠ పరిమితి. అంతమంది ఉండి తీరాలని ఎక్కడా లేదు. ఇక మార్చే అధికారం పార్లమెంటుకు, అదీ మామూలు చట్టంతో.

మొదటి విషయం దగ్గరే బిట్లు పెట్టి పట్టుకుంటారు. 1956 నాటి సుప్రీంకోర్టు (న్యాయమూర్తుల సంఖ్య) చట్టం ప్రధాన న్యాయమూర్తిని మినహాయించి లెక్క చెబుతుంది. అందుకే చట్టం ప్రకారం వరస 10, 13, 17, 25, 30, 33. నోట్స్‌లో కనిపించే 11, 14, 18, 26, 31, 34 అన్నవి ప్రధాన న్యాయమూర్తిని కలుపుకున్న అంకెలు. 1956లో అసలు చట్టం, తర్వాత 1960, 1977, 1986, 2009, 2019 సవరణలు. ప్రశ్నలో ‘మినహా’ ఉందా ‘సహా’ ఉందా చూసుకున్నాకే బబుల్ నింపండి. 2009 విషయంలో ఇంకో మెలిక ఉంది. బిల్లు పేరులో 2008 ఉంటుంది, చట్టమైంది 2009లో. రెండు పుస్తకాల్లో రెండు సంవత్సరాలు కనిపిస్తే కంగారు పడొద్దు. ఇంకొకటి, పరీక్షకు వెళ్లే ముందు ఆ చట్టానికి తాజా సవరణ ఏదైనా వచ్చిందేమో కరెంట్ అఫైర్స్‌లో తప్పకుండా చూసుకోండి. ఈ అంకె మారుతూ ఉండేదే.

రెండో విషయం, గరిష్ఠ పరిమితి. హాస్టల్‌లో బెడ్లు ఎన్ని ఉన్నాయి, ఈ నెల ఎంతమంది ఉంటున్నారు అన్నవి వేర్వేరు లెక్కలైనట్టే మంజూరైన సంఖ్య, పనిచేస్తున్నవారి సంఖ్య వేర్వేరు. దీనికి మంచి ఉదాహరణ 1977 సవరణ. చట్టం గరిష్ఠ సంఖ్యను 17కు పెంచింది. కానీ కేంద్ర కేబినెట్ నియామకాలను 15 దగ్గరే ఆపేసింది, ప్రధాన న్యాయమూర్తి కాకుండా. ప్రధాన న్యాయమూర్తి కోరాక 1979 చివర్లో గానీ ఆ పరిమితి ఎత్తేయలేదు. పార్లమెంటు ఇచ్చినదాన్ని కార్యనిర్వాహక వర్గం చట్టం మార్చకుండానే ఎలా కుదించగలదో చూపించడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు దొరకలేదు. మెయిన్స్‌లో ‘ఖాళీలు’ అన్న మాట వస్తే ఇది వాడుకోండి. దానికి ఎదురుగా 2021 ఆగస్టు 31 పెట్టండి. ఆ ఒక్కరోజే తొమ్మిదిమంది సుప్రీంకోర్టు జడ్జీలుగా ప్రమాణం చేశారు. అప్పటిదాకా మన తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న జస్టిస్ హిమా కోహ్లీ అందులో ఒకరు. అప్పుడు భారత ప్రధాన న్యాయమూర్తి మన తెలుగువారే, జస్టిస్ ఎన్.వి.రమణ.

మూడోది, మామూలు చట్టం. దీని మీద చిక్కడపల్లి లైబ్రరీ బయట టీ దగ్గర జరిగిన చర్చ ఒకటి చెప్పాలి. మా గుంపులో ఎల్‌ఎల్‌బీ చేసిన వరంగల్ అన్న ఒకాయన ఉండేవారు. సాయంత్రం అందరినీ ఏదో ఒకటి అడిగేవారు. ఆ రోజు కొత్తగా చేరిన చెల్లెను అడిగారు.

“34 అని చెప్పినవ్ గదా. రేపు ప్రభుత్వం దాన్ని 50 చేద్దామనుకుంటే ఏం చేయాలె?”

“రాజ్యాంగ సవరణ తేవాలి కదన్నా? అది రాజ్యాంగంలోనే ఉంది కదా.”

“రాజ్యాంగంలో ఏం రాసి ఉంది? ఏడు అని. మరి ఏడు 33 ఎట్లయింది?”

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, “ఆర్టికల్ మార్చకుండనే మార్చిండ్రు అన్నట్టు” అంది. అన్న నవ్వి టీ డబ్బులు తనే ఇచ్చారు.

ఆ చర్చను నోట్స్‌గా మార్చుకుంటే ఇలా ఉంటుంది. ఆర్టికల్ 124(1)లో ఇప్పటికీ ఏడు అనే ఉంది. ఆ ఆర్టికలే పార్లమెంటుకు ‘చట్టం ద్వారా’ పెంచుకొమ్మని వీలిచ్చింది. అందుకని ఉభయసభల్లో సాధారణ మెజారిటీ చాలు, రాజ్యాంగ సవరణ పద్ధతి చెప్పే ఆర్టికల్ 368 గుమ్మం తొక్కాల్సిన పని లేదు. అదే ఆర్టికల్ 124 వాక్యాన్నే మార్చాలంటే కథ వేరు. అది ఐదో భాగంలోని నాలుగో అధ్యాయం కిందికి వస్తుంది. ఆ అధ్యాయాన్ని ముట్టుకోవాలంటే 368(2) ప్రకారం పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీ, పైన సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కూడా కావాలి. న్యాయ నియామకాల కమిషన్ కోసం తెచ్చిన 99వ సవరణ ఆ దారిలోనే వెళ్లింది. ఒకే ఆర్టికల్‌లో ఒక విషయానికి మామూలు బిల్లు, ఇంకో విషయానికి సగం రాష్ట్రాల సంతకం. ఈ తేడాను రెండు వాక్యాల్లో రాయగలిగితే, దిద్దేవాళ్లకు మీరు ఆర్టికల్ చదివారని తెలిసిపోతుంది.

తగ్గించడం సంగతి? ఆర్టికల్‌లో ఉన్నది ‘అంతకంటే పెద్ద సంఖ్య’. కాబట్టి గరిష్ఠాన్ని ఏడు కన్నా కిందికి దించే మామూలు చట్టానికి ఆ వాక్యం చోటివ్వదు. 33ను 25 చేసే చట్టం తెస్తే ఏమవుతుందన్నది వాదనకు వదిలేయాల్సిన విషయం. ఇప్పటివరకు వచ్చిన ప్రతి మార్పూ పైకే వెళ్లింది. ఒకవేళ తగ్గించినా పదవిలో ఉన్నవాళ్లను పంపించలేరు. 65 ఏళ్లు నిండటం, రాజీనామా, లేదా 124(4) కింద రెండు సభల తీర్మానంతో తొలగింపు, ఈ దారులే ఉన్నాయి.

ఇక సంఖ్య ఎందుకు పెరిగింది అన్నదానికి అందరూ ‘కేసులు పెరిగాయి’ అని రాసి ఊరుకుంటారు. నిజమే, 2019లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ రంజన్ గొగోయ్ ప్రధానికి లేఖ రాసేనాటికి సుప్రీంకోర్టులో 58 వేలకు పైగా కేసులు పెండింగ్‌లో ఉన్నాయి. కానీ అదే లేఖలో ఇంకో మాట కూడా ఉంది. జడ్జీలు చాలక రాజ్యాంగ ధర్మాసనాలు తగినన్ని ఏర్పాటు చేయలేకపోతున్నామని. నాకు ఈ రెండో కారణమే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. 1950 జనవరి 28న కోర్టు మొదలైనప్పుడు పార్లమెంటు భవనంలోనే, రాజుల సభ కోసం కట్టిన గదిలో కూర్చునేది. జడ్జీల సంఖ్య నిర్ణయించే సభ, ఆ జడ్జీలు ఒకే కప్పు కింద! ఆ తొలినాళ్లలో జడ్జీలందరూ కలిసి కూర్చుని కేసులు వినేవారు. పని పెరిగాక ఇద్దరు ముగ్గురి బెంచ్‌లుగా విడిపోయారు. ఆర్టికల్ 145(3) ప్రకారం రాజ్యాంగ వ్యాఖ్యానం ఇమిడిన ముఖ్యమైన ప్రశ్నకు కనీసం ఐదుగురు కూర్చోవాలి. ఆ ఐదుగురు అక్కడ కూర్చుంటే మిగతా బెంచ్‌ల పని ఆగుతుంది. సంఖ్య చాలకపోవడమంటే మామూలు అప్పీళ్లు ఆలస్యం కావడం ఒక్కటే కాదు, పెద్ద రాజ్యాంగ ప్రశ్నలు వాయిదా పడటం కూడా.

ఇక్కడే ఒక లెక్క చూడండి, నాకు ఈ టాపిక్ మీద ఇష్టం కలిగింది దీంతోనే. 1967 గోలక్‌నాథ్ కేసును 11 మంది విన్నారు, 6-5 తీర్పు. ఆ బెంచ్‌కు నాయకత్వం వహించింది మన రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు హరించలేదన్నది ఆ తీర్పు. దాన్ని తిరగదోడాలంటే 11 కన్నా పెద్ద బెంచ్ కావాలి. 1973లో కేశవానంద భారతి కేసును 13 మంది విన్నారు, 7-6 తీర్పు, మౌలిక స్వరూప సిద్ధాంతం (రాజ్యాంగాన్ని సవరించవచ్చు గానీ దాని మౌలిక స్వరూపాన్ని దెబ్బతీయకూడదని). ఇప్పుడు అంకెల వరస మళ్లీ చూడండి. 1956 నాటి సంఖ్య ప్రధాన న్యాయమూర్తితో కలిపి 11. దాని మీదే ఆగిపోయి ఉంటే 13 మంది బెంచ్ వేయడానికి మనుషులే ఉండేవారు కాదు. 1960 సవరణ దాన్ని 14 చేయబట్టే కేశవానంద భారతి బెంచ్ సాధ్యమైంది. 1960లో ఆ బిల్లు తెచ్చినవాళ్ల మనసులో ఇది ఉందని నేను అనడం లేదు. అయినా పెండింగ్ కేసుల కోసం పెంచిన అంకె పదమూడేళ్ల తర్వాత రాజ్యాంగ చరిత్రకు దారి వేసిందని రాస్తే అది మీ సొంత విశ్లేషణ అవుతుంది. గైడ్‌లో దొరకదు.

హైదరాబాద్‌లో చదువుతున్నవాళ్లకు కళ్ల ముందే ఇంకో ఉదాహరణ ఉంది. మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు. 2019 జనవరి 1న తెలంగాణకు విడిగా హైకోర్టు వచ్చింది. దాని మంజూరు సంఖ్య 24. 2021లో అది 42 అయింది. అంటే 75 శాతం పెరుగుదల. దీనికోసం పార్లమెంటులో బిల్లు పెట్టారా? లేదు. అసెంబ్లీలో పెట్టారా? అదీ లేదు. ఆర్టికల్ 216 ప్రకారం హైకోర్టులో ఎంతమంది జడ్జీలుండాలన్నది రాష్ట్రపతి ఎప్పటికప్పుడు అవసరాన్నిబట్టి నిర్ణయిస్తారు. ఆచరణలో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, రాష్ట్ర ప్రభుత్వం, భారత ప్రధాన న్యాయమూర్తి, కేంద్ర న్యాయశాఖల మధ్య ఫైలు తిరిగి ఖరారవుతుంది. సుప్రీంకోర్టులో ముగ్గురిని పెంచడానికి 2019లో రెండు సభల్లోనూ బిల్లు పాస్ కావాల్సి వచ్చింది. ఇక్కడ 18 పోస్టులు ఏ సభా చర్చించకుండానే వచ్చాయి. ఇంత తేడా ఎందుకు పెట్టారో ఆలోచించి రాయండి. రాష్ట్రానికో రకం పని భారం ఉంటుంది, ప్రతిసారీ బిల్లు తేవడం కుదరదు అన్నది ఒక వాదన. సుప్రీంకోర్టు సంఖ్య మారితే అధికార సమతూకమే మారుతుంది కాబట్టి అది బహిరంగ చర్చలో జరగాలన్నది ఇంకో వాదన. నాకు రెండోది బలంగా అనిపిస్తుంది.

ఆ రెండో వాదనకు సాక్ష్యం అమెరికా. వాళ్ల రాజ్యాంగంలో సుప్రీంకోర్టు ఉండాలని ఉంది, ఎంతమంది అన్నది లేదు. అంతా కాంగ్రెస్ చట్టమే. 1789లో 6. 1801లో తదుపరి ఖాళీతో 5కు తగ్గించాలని చట్టం చేసి, అమలయ్యేలోపే 1802లో రద్దు చేశారు. 1807లో 7, 1837లో 9, 1863లో 10. 1866లో మళ్లీ 7కు తగ్గించారు. ఎవరినీ తీసేయకుండా, ఖాళీలు వచ్చినప్పుడు నింపకుండా వదిలేసే పద్ధతిలో. అప్పటి అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌కూ కాంగ్రెస్‌కూ పడేది కాదు. ఆయన చేతికి నియామకాలు చిక్కకుండా చేయడం దాని ఫలితం. ఆయన దిగిపోయాక 1869లో 9 చేశారు. అప్పటినుంచి అదే కొనసాగుతోంది.

1937లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ దాన్ని కదిలించబోయారు. ఆర్థిక మాంద్యం నుంచి బయటపడటానికి ఆయన తెచ్చిన న్యూడీల్ చట్టాలను కోర్టు వరసగా కొట్టేస్తోంది. 1936 ఎన్నికల్లో ఘనంగా గెలిచి, 70 ఏళ్లు దాటి ఆరు నెలలైనా రిటైర్ కాని ప్రతి జడ్జీకి అదనంగా ఒకరిని నియమించే బిల్లు తెచ్చారు. ఆరుగురి దాకా, అంటే మొత్తం 15 వరకు. పైకి చెప్పిన కారణం పని భారం, వయసు. ఎవరూ నమ్మలేదు. సెనేట్‌లో ఆయన పార్టీకి భారీ మెజారిటీ ఉన్నా బిల్లును 1937 జులైలో తిరిగి కమిటీకి పంపి పాతిపెట్టారు. ‘కోర్ట్ ప్యాకింగ్’ అన్న మాట ప్రాచుర్యంలోకి వచ్చింది అప్పుడే. మెయిన్స్ జవాబులో ఇదంతా అక్కర్లేదు, 1866, 1937 రెండూ తలో వాక్యంలో చాలు. తులనాత్మకంగా ఇంకొకటి కావాలంటే బ్రిటన్ తీసుకోండి. 2005 చట్టం 12 మంది అని పెట్టింది. పార్లమెంటు రెండు సభలూ ముసాయిదాను ఆమోదిస్తే ఆర్డర్ ఇన్ కౌన్సిల్ (రాచ ఉత్తర్వు) ద్వారా ఆ సంఖ్యను పెంచవచ్చు. కెనడా మరీ గట్టిది. అక్కడి సుప్రీంకోర్టు కూర్పు మార్చాలంటే అన్ని ప్రావిన్సుల సమ్మతి కావాలని ఆ కోర్టే 2014లో తేల్చింది. మన పొరుగున పాకిస్తాన్ 2024 నవంబర్‌లో సంఖ్యను 17 నుంచి ఏకంగా 34కు పెంచుకునే చట్టం చేసింది, న్యాయవ్యవస్థను మార్చిన 26వ రాజ్యాంగ సవరణ వచ్చిన కొద్ది రోజులకే.

ఇప్పుడు నాలుగో ప్రశ్న. అమెరికాలో సంఖ్య పెంచితే ఆ కుర్చీల్లో ఎవరు కూర్చోవాలో అధ్యక్షుడు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఖాయం చేస్తుంది. రెండూ ఒకే పార్టీవైతే సంఖ్య పెంచడమంటే తీర్పు మార్చుకోవడమే. మన దగ్గర 1993 నాటి రెండో జడ్జీల కేసు తర్వాత పేర్లు కొలీజియం, అంటే భారత ప్రధాన న్యాయమూర్తి, సీనియర్ జడ్జీల బృందం నుంచి వస్తాయి. 2015లో సుప్రీంకోర్టు 99వ సవరణను 4-1తో కొట్టేయడంతో అదే నిలిచింది. పార్లమెంటు రేపు సంఖ్యను 50 చేసినా ఆ కొత్త పోస్టులకు పేర్లు ప్రభుత్వం ఒంటరిగా ఎంచుకోలేదు. అందుకే మన దేశంలో సంఖ్య పెంపు బిల్లులు పెద్ద గొడవ లేకుండా పాసయ్యాయని నా అభిప్రాయం. మరి 1993కు ముందు? అప్పుడు ప్రభుత్వానికి నియామకాల్లో పట్టు ఉంది, సంఖ్య పెంచే అధికారమూ ఉంది. అయినా 1973లో కేశవానంద భారతి తీర్పు మరునాడు జరిగింది వేరు. ముగ్గురు సీనియర్లు జస్టిస్ షెలత్, జస్టిస్ హెగ్డే, జస్టిస్ గ్రోవర్‌లను దాటేసి జస్టిస్ ఎ.ఎన్.రేను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆ ముగ్గురూ రాజీనామా చేశారు. 1977 జనవరిలో జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా విషయంలోనూ అదే. కోర్టును ప్రభావితం చేయడానికి సంఖ్య ఒక్కటే మార్గం కాదు, సీనియారిటీని పక్కన పెట్టడం కూడా ఒక మార్గం. నియామకం ఆలస్యం చేయడం మూడోది. ప్రశ్న ‘న్యాయవ్యవస్థ స్వతంత్రత’ మీద వచ్చినా ఈ మెటీరియల్ పనికొచ్చేది ఇందుకే.

రాయడం గురించి రెండు మాటలు. తెలుగు మీడియంలో రాసేవాళ్లు ప్రతి పదానికీ గ్రాంథిక అనువాదం వెతుక్కుంటూ టైమ్ పోగొట్టుకోవద్దు. కొలీజియం, బెంచ్, పెండింగ్ అని రాసినా పేపర్ దిద్దేవాళ్లకు అర్థమవుతుంది. జవాబును ఆర్టికల్‌తో మొదలుపెట్టండి, చరిత్రతో కాదు. అంకెల వరసను పేరాలో ఇరికించకుండా పక్కన చిన్న పట్టికలా గీయండి. కోచింగ్ మెటీరియల్ ఎంత ఉన్నా టెన్షన్ తగ్గేది మాత్రం రాసి చూసుకున్నప్పుడే. స్టడీ హాల్‌లో పక్కవాళ్లతో పేపర్లు మార్చుకుని దిద్దుకోండి, డబ్బు ఖర్చు లేని టెస్ట్ సిరీస్ అది.

సాధనకు కొన్ని ప్రశ్నలు. ‘సుప్రీంకోర్టు న్యాయమూర్తుల సంఖ్యను పెంచడం ఒక్కటే పెండింగ్ సమస్యకు పరిష్కారమా?’ దీనికి ఆర్టికల్ 127, 128 కింద తాత్కాలిక, రిటైర్డ్ జడ్జీల సేవల్ని కూడా తేవచ్చు. ‘కొలీజియం పద్ధతి ఉన్నంతకాలం కోర్ట్ ప్యాకింగ్ భయం అర్థరహితం: విమర్శనాత్మకంగా పరిశీలించండి.’ దీనికి 1977 సవరణ తర్వాత విధించిన 15 పరిమితిని, 1973ని రెండు వైపులా వాడండి. ఇక నాకు బాగా నచ్చిన ప్రశ్న: ‘హైకోర్టు జడ్జీల సంఖ్యను కూడా పార్లమెంటే చట్టంతో నిర్ణయించాలా?’ ఇది రాసేటప్పుడు తెలంగాణ 24 నుంచి 42 ఉదాహరణ తప్పకుండా పెట్టండి. ఆర్టికల్ 216ను మార్చాలంటే అది కూడా 368(2) కింద సగం రాష్ట్రాల ఆమోదం కోరే అధ్యాయంలోనే ఉందన్న సంగతి రాయండి. అక్కడినుంచి జవాబు సమాఖ్య వ్యవస్థ వైపు తిరుగుతుంది, పేజీ దానంతటదే నిండుతుంది.